డొల్ల మోత

భూపాలపల్లి
ఫిబ్రవరి 9, 2025

బిడ్డ శోభకు బాపు రాయునది,

ఇక్కడ నేను క్షేమం. అమ్మ జనగామ పోయి వారమైంది. చిన్నమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది కదా, లేచి నడిచేదాకా రెండు మూడు నెలలు అక్కడే ఉంటానంది. వండుకోవడం వచ్చు కాబట్టి తిండికి కష్టం లేదు. కష్టమంతా నీ మాటకే. అమ్మ ఉంటే నీతో ఫోన్లో మాట్లాడి, పెట్టేశాక నా ఎడమ చెవిలో గట్టిగా చెప్పేది. నేరుగా వింటే నీ గొంతు నాకు ఉత్త గాలి మోత. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో డ్రిల్లు పక్కన నిలబడ్డ చెవులు మరి.

పక్క క్వార్టర్ అక్తర్ "ఏం చెప్పాల్నో నాకు చెప్పు సర్దార్ సాబ్, నా ఫోన్ల కొట్టి పంపుత" అన్నాడు. మంచివాడే. కానీ బిడ్డను అడిగే మాట ఇంకొకరి చేతుల మీదుగా పోవడం నాకు ఇష్టం లేకపోయింది. పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను.

అడగవలసింది ఇదీ. పోయిన నెల నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక అమ్మ నేరుగా వంటింట్లోకి పోయింది. "ఏమన్నది?" అంటే "పని మంచిగనే ఉన్నదట" అంది. ముఖం మాత్రం అట్లా లేదు. చెన్నైలో భూమి కింద మెట్రో రైలుకు సొరంగం తవ్వుతున్నారనీ, నువ్వు అక్కడ ఇంజనీరువనీ తప్ప నాకేమీ తెలియదు. నువ్వు లోపలికి దిగుతావా? ఎంత లోతు? మట్టా, బండా? నీళ్లు ఊరుతున్నాయా? కప్పుకు ఆధారం ఏం పెడుతున్నారు? ఒక్కటి కూడా వదలకుండా జవాబు రాయి.

నీ బాపు
ప్రభుదాస్


చెన్నై
ఫిబ్రవరి 18

బాపూ,

నాకు ఉత్తరం వచ్చిందంటే హాస్టల్లో అందరూ చుట్టూ చేరి చూశారు. నీ అక్షరాలు ఇంత గుండ్రంగా ఉంటాయని నాకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

నువ్వు భయపడాల్సిందేమీ లేదు. నేను సొరంగంలోకి ఎప్పుడో గానీ దిగను. తవ్వేది మనుషులు కాదు, మిషన్. రెండంతస్తుల ఇంటంత ఉంటుంది. ముందు మట్టిని కోసుకుంటూ పోతుంది, వెనకే సిమెంటు పలకలు గుండ్రంగా బిగించుకుంటూ పోతుంది. లోతు అరవై అడుగులు. పైన మట్టి, ఇసుక. కింద బండ. నీళ్లున్నాయి, కానీ మిషన్ ముందు ఒత్తిడి పెట్టి ఆపుతారు.

నా పని నేల మీద. సొరంగం దారికి పైనున్న పాత ఇళ్లను నేను కనిపెట్టుకుని ఉండాలి. గోడలకు గుర్తులు బిగించి ఉంటాయి. ఇల్లు ఎంత కుంగిందో రోజూ పరికరంతో చూసి రాస్తాను. పగులున్న చోట అడ్డంగా సన్నని గాజు పట్టీ అతికిస్తాను. గోడ కదిలితే పట్టీ విరుగుతుంది. పది మిల్లీమీటర్లు దాటి కుంగితే కింద పని ఆపాలి. ఇంతవరకు మూడు దాటలేదు. భయం లేదు.

నావి నలభై ఒక్క ఇళ్లు. వాటిలో ఖాజాబీ అనే పెద్దామె ఇల్లు ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్లుంటాయి, భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. నాకు తమిళం అంతంత మాత్రమే. ఆమె దక్కనీ మాట్లాడితే మన కాలనీలో ఉన్నట్టే అనిపిస్తుంది. నేను నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని నిలబడుతుంది. "గిర్ గయే తో తేరే బాప్ కు మై క్యా బోలూఁ?" అంటుంది. నువ్వు పడితే మీ నాయనకు నేనేం చెప్పాలి అని. నవ్వొస్తుంది.

అమ్మతో నేనేమీ దాచలేదు. భయం లేదు బాపూ.

నీ
శోభ


భూపాలపల్లి
ఫిబ్రవరి 26

బిడ్డా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అన్నిటికీ జవాబు రాశావు. కానీ భయం లేదని రెండుసార్లు రాశావు. నేను ఆ మాట అడగనే లేదు.

నాకు మీ మిషన్ సంగతి తెలియదు. భూమి సంగతి కొంత తెలుసు. చెవులు పోయి నేల మీద పనికి మార్చేదాకా గనిలో నేను చేసిన సర్దారు పని ఏమిటో నీకు ఎప్పుడూ చెప్పలేదు. షిఫ్టు మొదలు కాగానే మనుషుల కంటే ముందు లోపలికి పోయి, ఇనుప కర్రతో కప్పును కొట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది. పైనుంచి విడివడిన బండ డొల్లగా మోగుతుంది. అక్కడ కప్పు కింద చెక్క దిమ్మెలు ఆనించి పోటు పెట్టించాకే మనుషుల్ని పంపాలి. భూమి చెప్పకుండా కూలదు. మనం విన్నామా లేదా అన్నదే. నేను ఒకసారి విన్నాను, విని

ఆ సంగతి ఇప్పుడు వద్దు.

నీ ఇళ్లలో ఇవి చూడు. తలుపులు పడుతున్నాయా, బిగుసుకుంటున్నాయా? పెరట్లో బావి ఉంటే నీళ్లు ఎక్కడున్నాయో రోజూ చూడు. నీళ్లు పోతున్నాయంటే మట్టిని వెంటబెట్టుకుని పోతున్నాయన్న మాట. పరికరం కంటే ముందు ఇంటి ఆడవాళ్లకు తెలుస్తుంది, వాళ్లను అడుగు.

బాపు


చెన్నై
మార్చి 9

బాపూ,

ఇది అమ్మకు చెప్పకు.

ఖాజాబీ వంటింటి గాజు పట్టీ పోయిన సోమవారం విరిగింది. నువ్వు రాసినట్టు తలుపు గురించి అడిగాను. "నాలుగు రోజులైంది బేటీ, దర్వాజా బంద్ నై హోరా" అంది. తలుపు గడప దగ్గర పట్టేసి మూసుకోవడం లేదు. ఆమె వానల వల్ల చెక్క ఉబ్బిందనుకుంది. నెల రోజులుగా ఇక్కడ వాన పడలేదు. పెరటి బావిలో తాడు గజం పైగా ఎక్కువ వదలాల్సి వస్తోంది.

గోడ పద్నాలుగు మిల్లీమీటర్లు కుంగింది. రెండుసార్లు కొలిచాను.

మా ఇన్‌ఛార్జి దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు, పని నేర్పింది ఆయనే. కాగితం చూసి, "ఎండకు పరికరం తప్పు చూపిస్తుంది. పైకి పంపకు, మళ్లీ కొలువు" అన్నాడు. మళ్లీ కొలిచాను. పద్నాలుగున్నర. "మిషన్ ఆగే ఉంది కదా, ఆగిన మిషన్ ఇల్లు ఎట్లా కూలుస్తుంది?" అన్నాడు. నిజమే, మట్టి కోసే పళ్లు మార్చడానికి ఆ ఇంటికి ముప్పై గజాల ఇవతల మిషన్‌ను ఆపారు. ఈ నెల 20న మళ్లీ నడుపుతారు. పని ఇప్పటికే ఆలస్యమైందని ఆయన మీద రోజూ ఒత్తిడి. కాగితంలో కొలత రాసే గడిలో "మళ్లీ చూడాలి" అని రాయమన్నాడు. రాశాను.

రాసినప్పటి నుంచి అన్నం పోవడం లేదు. మిషన్ కదలాలంటే ఇళ్ల కాగితం మీద నా సంతకం కావాలి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నాది తప్పయితే ఇరవై కుటుంబాలను ఊరికే రోడ్డు మీదికి తెచ్చినదాన్నవుతాను. ఒప్పయితే ఏమవుతుందో అనుకోవడానికే ధైర్యం లేదు.

నువ్వు ఒకసారి విన్నానని రాసి ఆపేశావు. ఏం విన్నావు?

శోభ


భూపాలపల్లి
మార్చి 13

బిడ్డా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. 20 లోపల నీకు అందాలి. అక్తర్ ఫోన్ నుంచి పంపవచ్చు, కానీ ఇది అక్తర్ చదవవలసింది కాదు. నీ తల్లికి కూడా ఇంతవరకు చెప్పలేదు.

పద్దెనిమిదేళ్ల కింద, మనం భూపాలపల్లి రాకముందు, నా మొదటి గనిలో జరిగింది. నీకు అప్పుడు ఏడేళ్లు. సేవ్యా అని బొగ్గు నింపే మనిషి ఉండేవాడు. బయ్యారం దగ్గరి తండా. నాకంటే నాలుగేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు.

ఆ రోజు షిఫ్టు అయిపోవడానికి అరగంట ఉంది. ఇంకో రెండు టబ్బులు నింపాలి. నేను కప్పు కొట్టి చూశాను. మూడు చోట్ల ఖంగుమంది. నాలుగో చోట డొల్లగా మోగింది. నా చెవులు అప్పటికి బాగానే ఉన్నాయి, పొరపాటు పడలేదు. దిమ్మెలు తెచ్చేవాళ్లు దూరంగా ఉన్నారు, వాళ్లు వచ్చి పెట్టేసరికి గంట పడుతుంది. అరగంట నిలవదా అనుకున్నాను. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఏ ఆఫీసరూ చెప్పలేదు. సేవ్యా బొగ్గెత్తే చెమ్మస్ పట్టుకుని వచ్చి "ఎట్లున్నదే అన్నా?" అని అడిగాడు. "మంచిగున్నది, పో" అన్నాను.

ఇరవై నిమిషాలు నిలిచింది.

విచారణలో నన్ను అడిగారు. కప్పు గట్టిగానే ఉండె, హద్దు దాటి పోవద్దన్నాను, మాట వినకుండా తనే పోయాడు అన్నాను. రాసుకున్నారు. నాకు ఏమీ కాలేదు. సేవ్యా తన తప్పు వల్లే పోయాడని కాగితాల్లో ఉంది.

నేను నీకు చెప్పేది ఒక్కటే. ఆ పద్నాలుగును పద్నాలుగు అని రాయి. రాసి పైవాళ్లందరికీ పంపు. ఆ గోడ నిలిస్తే నిన్ను నాలుగు రోజులు తిడతారు. తిట్లు పోతాయి.

బాపు


చెన్నై
మార్చి 27

బాపూ,

నీ ఉత్తరం 17న మధ్యాహ్నం అందింది. రోడ్డు మీదే నిలబడి చదివాను.

అట్లాగే నేరుగా ఆఫీసుకు పోయాను. ఆ రోజు కొలత పదహారు. పదహారు అని రాసి, మా ఇన్‌ఛార్జితో పాటు ఆయన పైవాళ్లకూ, భద్రత చూసేవాళ్లకూ అందరికీ ఒకేసారి పంపాను. కాగితం మీద సంతకం పెట్టనని కింద రాశాను. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "రెండుసార్లు చెప్పాను సర్" అన్నాను.

మరునాడు పొద్దున ఇద్దరు పెద్ద ఇంజనీర్లు వచ్చి చూసి, ఆ వరుసలో తొమ్మిది ఇళ్లు ఖాళీ చేయించమన్నారు. ఇళ్లవాళ్లకు చెప్పే పని నా మీద పడింది. ఒకాయన తలుపు నా ముఖం మీదే వేశాడు. ఖాజాబీ మొదట రానంది. నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లోంచి మంచంలోని మనిషిని ఎక్కడికి మోసుకుపోవాలి అంది. నేను ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి గోలీ ఒకటి నేల మీద పెట్టాను. అది దానంతటదే దొర్లి గోడ వైపు పోయింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. "చల్" అని చెంగు దోపుకుంది. పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. దగ్గర్లోని ఫంక్షన్ హాల్లో ఉంచారు.

రెండు రోజులు ఏమీ కాలేదు. హాల్లో జనం నన్ను చూసి గొణుక్కున్నారు. మూడో రోజు పదకొండు గంటలకు, నేల గట్టిపరచడానికి సిమెంటు నీళ్లు ఎక్కించే మనుషులు వీధిలో పైపులు దించుతుండగా, ఖాజాబీ వంటింటి నేల లోపలికి పోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. పొయ్యి గట్టు, గోడలో సగం, బియ్యం డబ్బాలు, అన్నీ పోయాయి. ఆగిన మిషన్ ముందు నుంచి నీళ్లు కారుతూ మట్టిని తీసుకుపోయి, కింద గుల్ల చేశాయట. నువ్వు రాసిందే. లోపల ఎవరూ లేరు. ఆ వేళకు ఆమె రోజూ వంట చేస్తుంటుంది.

నన్ను ఇంకో స్టేషన్ పనికి మార్చారు. మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు.

ఇప్పుడు నాకు ఒక మాట అడగాలని ఉంది. నా చిన్నప్పుడు ఒకామె మన ఇంటికి వచ్చింది. ఒంటి మీద అద్దాలు కుట్టిన రైక. అమ్మ పక్కన కూర్చుని, "నా మనిషి మాట ఇనకపాయె అక్కా, చెప్పిన మాట ఇనకపాయె" అని ఏడ్చింది. నువ్వు ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నావు. ఆమె సేవ్యా భార్యేనా?

ఆమెకు ఇప్పటికీ అంతే తెలుసా?

నీ ఉత్తరం వల్ల ఖాజాబీ బతికింది. నేను సంతోషంగా ఉండాలి. ఉండలేకపోతున్నాను.

శోభ


భూపాలపల్లి
ఏప్రిల్ 5

శోభకు,

ఆమే. పేరు కేస్లీ. కొడుకు బాల్‌సింగ్‌తో తండాలోనే ఉంటోంది.

ఆమెకు ఇప్పటికీ అంతే తెలుసు. చెప్పడానికి నేను పోలేను. రిటైర్ అవడానికి ఇంకా పదకొండు నెలలున్నాయి, ఇప్పుడు బయటపడితే కొలువు పోవచ్చు. నా భయం అది కాదు, రాయడానికి తేలిక కాబట్టి రాశాను. అసలు సంగతి, ఆమె ముందు ఏమని మొదలుపెట్టాలో నాకు తెలియదు. రెండుసార్లు తండాకని బయలుదేరి, దారిలో రేగొండ దాకా పోయి బస్సు దిగి వెనక్కి వచ్చాను. ఇన్నేళ్ల తర్వాత చెప్పి ఆమెను మళ్లీ ఏడిపించడం తప్ప ఏం లాభం అనిపిస్తుంది. అట్లా అనిపించినప్పుడల్లా, ఇది ఆమె కోసం అనుకుంటున్నానా నా కోసమా అని కూడా అనిపిస్తుంది.

నీకు చెప్పి ఉండకూడదు.

బాపు


చెన్నై
ఏప్రిల్ 12

బాపూ,

నిన్ను పొమ్మని నేను చెప్పను. నా ఉత్తరంలో కోపం ఉంటే ఉండనీ. ఆ రోజు ఇళ్ల తలుపులు కొట్టేటప్పుడు నాకు ఎట్లా ఉండిందో మాత్రం రాస్తాను.

మొదటి ఇంట్లో చాలా చెప్పాను. కంపెనీ గురించి, మిషన్ గురించి, మీరు పరేషాన్ కావద్దని. వాళ్లకేమీ అర్థం కాలేదు. రెండో ఇంట్లో మొదటి మాటే "మీ ఇల్లు కుంగుతోంది" అన్నాను. ఆ తర్వాత నాకు మాట రావడం తేలికైంది. మిగతాది వాళ్లే అడిగారు, నేను చెప్పాను.

ఇంకొకటి. ఆమె ఏడుస్తుందో, కొడుతుందో, ఊరుకుంటుందో అది ఆమె ఇష్టం. నువ్వు ముందే ఇక్కడ కూర్చుని ఆమె బదులు ఆలోచించకు.

ఏది చేసినా నాకు రాయి. ఏమీ చేయకపోయినా రాయి.

నీ
శోభ


మహబూబాబాద్ బస్టాండు
ఏప్రిల్ 24

బిడ్డా శోభా,

నిన్న బయ్యారం పోయాను. తండా చివర కళ్లంలో కేస్లీ ఎండు మిర్చి ఏరుతోంది. వయసు మీద పడింది. నన్ను చూసి లేచి నిలబడి, "సర్దారన్నా, గింత దూరం ఎట్లొచ్చినవ్? పుష్పక్క మంచిగున్నదా?" అంది. అమ్మ పేరు కూడా మరిచిపోలేదు. నీడకు మంచం వాల్చబోయింది. కూర్చుంటే నోరు రాదని నిలబడే చెప్పాను. "కేస్లీ, సేవ్యా తప్పేం లేదు. కప్పు మంచిగ లేదని నాకు తెలుసు. తెలిసే పొమ్మన్న. విచారణల అబద్ధం చెప్పిన."

ఆమె ఏదో అంది. మెల్లగా అంది, నాకు వినపడలేదు. అడగక తప్పలేదు. "నాకు చెవులు వినవడవు, జర మళ్ల చెప్పు" అన్నాను. ఆమె దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కదలలేదు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"నా కొడుక్కు చిన్నప్పటి సంది చెప్పుకుంటనే ఉన్న. మీ నాయిన చెప్పిన మాట ఇనలే, గందుకే సచ్చిండు, నువ్వన్న ఇనుమని. వాడు రేపు పొద్దుగాల వస్తడు. గీ మాట వాని ముంగట చెప్పి పో."

మళ్లీ కూర్చుని మిర్చి ఏరింది. తినమనలేదు. చెంబుతో నీళ్లు మాత్రం పక్కన పెట్టింది. రాత్రికి బయ్యారంలో చర్చి వాళ్ల గదిలో పడుకుని, పొద్దున మళ్లీ పోయాను.

బాల్‌సింగ్ అచ్చం తండ్రే. మహబూబాబాద్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో పని చేస్తాడట. చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు, నాకు వినపడాలని గట్టిగానే. "నువ్వు పొమ్మన్నంక మా నాయిన ఏమన్నడు?"

ఆ మాట నీకు కూడా నేను రాయలేదు. ఎవరూ అడగరనుకున్నాను. "నువ్వు చూసినవ్ గద అన్నా, ఇగ నాకేం భయం" అన్నాడు. అదే చెప్పాను.

బాల్‌సింగ్ లేచి బయటికి పోయాడు. వెళ్లిపోయాడనుకున్నాను. కేస్లీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపటికి అతను నోటుబుక్కు, పెన్నూ తెచ్చి నా ముందు పెట్టాడు. "గిదంత రాసియ్యి. నాయిన తప్పు కాదని గని ఆఫీసుల ఇస్త. వాళ్లు నిన్నేం చేస్తరో నాకు తెల్వదు" అన్నాడు.

రాశాను. రెండు పేజీలు వచ్చింది. ఆఫీసులో ఏమంటారో నాకూ తెలియదు. కొలువు పోతే పోవచ్చు, కేసే కావచ్చు. ఇప్పుడు జనగామ బస్సు కోసం కూర్చున్నాను. అమ్మకు ఇంకొకరు చెప్పకముందే నేనే చెప్పాలి.

కేస్లీ నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. బాల్‌సింగ్ కాగితం తల్లికి చదివి వినిపించాడు. ఆమె "మీ నాయిన పేరు మొత్తం రాసిండా చూడు" అంది. సేవ్యా అని మాత్రమే రాశాను. ఇంటిపేరు, తండ్రి పేరు, తండా పేరు ఆమె చెబుతుంటే రాసి పూర్తి చేశాను. కింద సంతకం ఎట్లా పెట్టాలని అడిగాను.

"గనిల ఎట్ల పెడుతుంటివో గట్లనే పెట్టు" అన్నాడు బాల్‌సింగ్.

ప్రభుదాస్, సర్దార్ అని పెట్టాను.

నీ బాపు